కట్టయ్య ఉస్తాద్ చూడని కుస్తీ

కట్టయ్య ఉస్తాద్‌కు ఈ లోకంలో నచ్చినవి చాలా తక్కువ. వరంగల్ కరీమాబాద్‌లో తాను నడిపే కుస్తీ తాలీంలోని ఎర్రమట్టి, బర్రెపాలు, భార్య సమ్మమ్మ చేసే జొన్నరొట్టె, అంతే. మిగతాదంతా ఆయన దృష్టిలో చెత్త. పోస్టర్ల మీద కండలు చూపించే హీరోలను చూసి పెదవి విరిచేవాడు. డంబెల్స్ ఎత్తి అద్దంలో చూసుకునే కాలేజీ కుర్రాళ్లను “పెండ్లికి తయారవుతాండ్లా బిడ్డా?” అని అడిగేవాడు. ఓటడగడానికి వచ్చిన లీడర్‌ను ఒకసారి పది గుంజీలు తీయమన్నాడు, తీస్తే ఓటు వేస్తానని. ఆ లీడర్ మళ్లీ ఆ గల్లీ మొహం చూడలేదు.

ఈ చీదరింపు ఊరికే పుట్టింది కాదు. డెబ్బై నాలుగులో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పల్లెలో పెద్ద కుస్తీ పోటీ జరిగింది. ఆఖరి జోడీలో కట్టయ్యకు ఎదురు నిలిచింది ఆ ఊరి దొర మనిషి. పొద్దున్నే దొర కబురు పంపాడు: జర చూసీచూడనట్టు పడిపో, నీ ఇంటికి బండెడు వడ్లు వస్తాయి అని. కట్టయ్య ఆ మనిషిని తొలి పట్టులోనే ఎత్తి పడేసి, దొర కూర్చున్న వైపు తిరిగి మీసం దువ్వాడు. ఆ తర్వాత దొర మనుషులు వెంటపడితే పొలాలకు అడ్డంపడి, రైలు పట్టాల వెంట పారిపోయి వచ్చాడు. పారిపోయిన సంగతి మాత్రం ఆయన ఎన్నడూ చెప్పలేదు, సమ్మమ్మే చెప్పేది.

ఆనాటి నుంచి ఆయన తాలీంలో ఒకే చట్టం. కుస్తీలో వీపు మట్టికి తగిలితే ఓడినట్టు, దాన్నే చిత్ అంటారు. “చిత్ అయితే కా. అండ్ల తప్పులేదు. కావాలని పండుకుంటే మాత్రం నా గడప తొక్కకు” అనేవాడు కొత్తగా వచ్చిన ప్రతివాడితో. తాలీం పేరు నిలిచిందల్లా ఈ ఒక్క మాట మీదే. కట్టయ్య శిష్యుడు ఓడిపోవచ్చు గాని అమ్ముడుపోడని చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ తెలుసు.

ఎనభై ఆరు నాటికి ఆ తాలీంలో మిగిలిన గట్టి శిష్యుడు ఏలియా ఒక్కడే. డోర్నకల్ నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం వాళ్లది. పర్మినెంట్ హమాలీలకిచ్చే బిల్ల లేక, వాడు కేసముద్రం మార్కెట్‌లో పని దొరికిన రోజు బస్తాలు మోసి భార్య విమలను పోషిస్తూ, సాయంత్రం రైలెక్కి వచ్చి మట్టిలో దిగేవాడు. దిగేముందు అందరిలాగే వంగి, చిటికెడు మట్టి తీసి నొసటికి, రొమ్ముకు తాకించి, ఇంకో చిటికెడు ఎదుటివాడి భుజం మీద చల్లేవాడు. పన్నెండేళ్ల వయసు నుంచి చేస్తున్న పని కాబట్టి దాన్ని వాడు చేస్తున్నట్టు వాడికే తెలిసేది కాదు. తన గురువు తనకు కట్టిన ఎర్ర రుమాలును వచ్చే దసరాకు ఏలియా తలకు కట్టి తాలీం అప్పజెప్పాలని కట్టయ్య నిశ్చయించుకున్నాడు. ఆ మాట వాడికి చెప్పలేదు. పొగిడితే మనిషి పాడైపోతాడని ఆయన నమ్మకం.

అలాంటి రోజుల్లో వెంకట్రాజం తాలీంకు వచ్చాడు.

వెంకట్రాజం స్టేషన్ రోడ్డులో వీడియో హాలు నడిపేవాడు. వరంగల్‌కు టీవీ కొత్త, దాని ముందు కూర్చోబెడితే జనం గోడను కూడా చూస్తారని అందరికన్నా ముందు కనిపెట్టిన బుద్ధిమంతుడు. ఈసారి ఆయన బుర్రలో పుట్టింది ‘భారత్–జర్మనీ మహా సమరం’. అందులో కుస్తీ ఉంటుంది, గుద్దులుంటాయి, తన్నులుంటాయి, ఏదైనా చెల్లుతుంది. వారం రోజులపాటు రెండు టీములనూ ఒకే సత్రంలో ఉంచుతారు. పెళ్లిళ్లకు వీడియో తీసే కుర్రాడు వాళ్లు తిన్నా, అరుచుకున్నా, ముఖం కడుక్కున్నా తీస్తాడు. సాయంత్రం దాన్ని హాల్లో టికెట్టు పెట్టి వేస్తారు. చివరి రోజు స్టేషన్ వెనక ఖాళీ జాగాలో ఆఖరి పోరాటం. ఇదంతా తర్వాత ఢిల్లీ టీవీలో కూడా వస్తుందని గోడల నిండా రాయించాడు.

“ఉస్తాద్, నీ పోరగాండ్లల్ల ఒకణ్ని ఇయ్యి” అన్నాడు వెంకట్రాజం. “జర్మనీ టీంకు ఒకడు తక్కువైండు. మాస్క్ ఏస్తం, ఎవడో ఎవనికీ తెల్వదు.”

“గెలుసుడెవరు?”

“మనోళ్లే గద! ఫికర్ చెయ్యకు. ఆఖరి జోడీల మాస్కోడు మూడో రౌండ్‌ల పండుకుంటడు. భారత్ మాతా కీ జై.”

కట్టయ్య పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మాడు. “భారత్ మాతకు నీ అసుంటి కొడుకు పుట్టుడే తక్కువైంది. లే, లే. నువ్వు కూసున్న మట్టి మళ్ల తవ్వాలె నేను.”

వెంకట్రాజం నవ్వుతూనే లేచాడు. అలాంటివాళ్లకు ఉమ్ము ఇట్టే ఆరిపోతుంది. ముందు వరుసలో ముఖ్య అతిథి కుర్చీ ఉస్తాద్‌కే అని చెప్పి మరీ పోయాడు.

ఆ వారం వరంగల్ తన తెలివినంతా తాకట్టు పెట్టేసింది. పొద్దున హోటళ్లలో చాయ్ తాగుతూ పెద్దమనుషులు కూడా “ఇయ్యాల జర్మనీవాళ్లు ఎన్ని కోడిగుడ్లు తిన్నరు?” అని మాట్లాడుకున్నారు. జర్మనీ టీంలో తెల్లతోలు వాళ్లను ముగ్గురిని ఎక్కడ పట్టుకొచ్చాడో గాని, కెమెరా పక్కకు తిరిగితే వాళ్లు చక్కటి తెలుగులో ఉప్పు అడిగేవారు. భారత్ టీం కెప్టెన్ ఒక స్టంట్ మనిషి, బెల్టు మీదికి జారిన పొట్ట, నూనె కారే జుట్టు. ఆయన రోజూ కెమెరా ముందు అన్నం కంచం విసిరికొట్టి జర్మనీని తిట్టేవాడు. విసిరిన అన్నం ఊడ్చే ముసలమ్మను మాత్రం కెమెరా తీయలేదు. సమ్మమ్మ కూడా రెండు సాయంత్రాలు పోయి చూసొచ్చింది.

“నీకేం పుట్టింది?” అని కట్టయ్య కసిరాడు.

“నువ్వు రోజూ తిట్టేది నాకు అలవాటేనాయె. ఆల్లు తిట్టేది కొత్తగున్నది” అంది సమ్మమ్మ.

ఏలియా ఆ వారమంతా తాలీంకు రాలేదు. డోర్నకల్‌లో మరదలి పెళ్లి అని చెప్పి పోయాడు. కట్టయ్య నమ్మాడు. ఊరందరినీ అనుమానించే మనిషి ఆ ఒక్కడిని అనుమానించలేదు.

ఆఖరి రోజు ఆయన ఎర్ర రుమాలు చుట్టుకుని మరీ వెళ్లాడు. చూడటానికి కాదు. ముఖ్య అతిథికి మైకు ఇస్తారు కదా, అది చేతికందగానే ఈ దొంగ బాగోతమంతా జనం ముందు కడిగేయాలని. ఏం అనాలో దారి పొడుగునా నోట్లో నూరుకుంటూ నడిచాడు. మైదానం కిక్కిరిసి ఉంది. చెక్క వేదిక మీద గుడ్డ పరిచి నాలుగు పక్కలా తాళ్లు కట్టారు. ముందు జోడీలను చూసి ఆయనకు నవ్వు కూడా రాలేదు. గుద్దు తగలకముందే పడిపోయేవాడొకడు, పడిపోయాక కేక వేసేవాడొకడు. జనం మాత్రం “జర్మనీ డౌన్ డౌన్” అని గొంతులు చించుకున్నారు.

ఆఖరి జోడీకి స్టంట్ కెప్టెన్ తొడ చరుస్తూ వచ్చాడు. తడిగోడను కొట్టినట్టు చప్పుడైంది. తర్వాత నల్ల మాస్కు, మెడ నుంచి మడమల దాకా ఎర్ర తొడుగు వేసుకున్న జర్మనీవాడు మెట్లెక్కాడు. ఎక్కి, తాళ్ల కింద నుంచి దూరి, అడుగు ముందుకు వేసేముందు వంగాడు. చిటికెడు మట్టి తీసుకోబోయాడు.

అక్కడ మట్టి ఎక్కడిది? గుడ్డ గీరుకుని వేళ్లు ఖాళీగా పైకి వచ్చాయి. ఆ ఖాళీ వేళ్లనే నొసటికి తాకించాడు, రొమ్ముకు తాకించాడు. కెప్టెన్ భుజం మీద ఏమీ లేని చిటికెడు చల్లాడు. జనం ఘొల్లున నవ్వారు. “జర్మనీవాడు దోమలు కొడతాండు రా!” అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

ఆ వంగిన వీపు కట్టయ్య తీర్చిదిద్దిన వీపు.

సరిగ్గా అప్పుడే వెంకట్రాజం మైకు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. “మన ఉస్తాద్ రెండు మాటలు!”

మైదానం సద్దుమణిగింది. దారి పొడుగునా నూరుకున్న మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. అందులో ఏ ఒక్కటి అన్నా వేదిక కూలుతుంది, మాస్కు ఊడుతుంది, దాని కింద ఏలియా మొహం బయటపడుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడిగా ముక్కు కారుతూ వచ్చిన మొహం.

“ఆడుండ్రి” అన్నాడు కట్టయ్య. మైకు తిరిగి ఇచ్చేశాడు. ఊరు ఆయన నోట విన్న మాటల్లో అంత చిన్నది ఇంకొకటి లేదు.

మొదటి రెండు రౌండ్లూ ఏలియా చెప్పినట్టే ఆడాడు. తగలని గుద్దుకు తూలాడు, తగలని తన్నుకు మూలిగాడు. కట్టయ్యకు ఆ పోరగాని చెంప అక్కడే పగలగొట్టాలనిపించింది, మరుక్షణం ఆ కెప్టెన్‌ను ఎత్తి కుదేయమని అరవాలనిపించింది. మూడో రౌండ్‌లో కెప్టెన్ మెడ పట్టి లాగాడు. ఏలియా పడాల్సింది అప్పుడే. కాని పడలేదు. మాస్కు కన్నాల్లోంచి ముందు వరుసలోని ఎర్ర రుమాలు వైపు చూశాడు, కాళ్లు బిగుసుకుపోయాయి.

కెప్టెన్ మళ్లీ లాగాడు. పొట్టతో నెట్టాడు. చెవిలో బతిమాలాడు. పాతిన గుంజలాగా వాడు కదలలేదు. వెంకట్రాజం తాళ్ల పక్కన చెమటలు కక్కుతూ “పడు రా, పడు! బిల్ల వద్దా నీకు?” అని పళ్లు కొరికాడు. భారత్ గెలవడం లేదని జనానికి కోపం వచ్చింది. ముందు చెప్పులు పడ్డాయి, తర్వాత ఒక రాయి వచ్చి మాస్కుకు తగిలింది. అయినా ఆ కళ్లు కట్టయ్య మీదే ఉన్నాయి.

ఆయన చూస్తున్నంతసేపు వాడు పడుకోలేడు. పడుకోకపోతే ఈ మంద వాణ్ని బతకనివ్వదు. ఇది అర్థమయ్యేసరికి, నలభై ఏళ్లలో ఒక్క కుస్తీ మీద నుంచి కూడా చూపు తిప్పని మనిషి కుర్చీలోంచి లేచాడు. రుమాలు సవరించుకుని, వేదికకు వీపు పెట్టి నిలబడ్డాడు.

వెనక ధడేల్‌మని చప్పుడైంది. ఆ వెంటనే మైదానమంతా కేకలతో మోగిపోయింది. ఆయన తిరిగి చూడకుండా గేటు వైపు నడిచాడు.

“సూసినవా, ఉస్తాద్ ఎట్ల ఛీ కొట్టి పోతాండో!” అనుకున్నారు జనం మెచ్చుకోలుగా. వాళ్లకు అంతకన్నా ఏం తెలుస్తుంది!

తెల్లారి ఏలియా తాలీం గడప బయట నిలబడ్డాడు. కనుబొమ్మ చిట్లి ఉంది. లోపలికి రాలేదు. కట్టయ్య పారతో మట్టి తిరగేస్తున్నాడు.

“వెంకట్రాజం బావమరిది మార్కెట్‌ల పెద్ద సేటు, ఉస్తాద్. పర్మినెంట్ హమాలీ బిల్ల ఇప్పిస్తనన్నడు. విమలకు నెలలు దగ్గరపడ్డయి. జర్మనీ టీం ఎందుకయ్యా అంటే, నీ పేరే ఫారిన్ పేరన్నడు.”

“వాని మొకం!” కట్టయ్య పార నేలకేసి కొట్టాడు. “మీ తాత డోర్నకల్‌ల పట్టాలేస్తే ఆ రైలెక్కి తిరిగెటోడు, నిన్ను ఫారినోడంటడా?”

“నేను పండుకున్న ఉస్తాద్. నీ గడప తొక్కను. చెప్పి పోదామనొచ్చిన.”

కట్టయ్య మట్టిలో రాళ్లు ఏరి పక్కన పడేశాడు.

“ఏమో. నేను సూడలే” అన్నాడు చివరికి. “నేను సూడనిది నాకు తెల్వది. ఈ పార పట్టుకో, నడుము నొస్తాంది.”

ఏలియా గడప దాటాడు. వంగి మట్టి తీసుకున్నాడు, ఈసారి వేళ్లకు మట్టి దొరికింది. వాడు ఏడుస్తుంటే కట్టయ్య అదీ చూడలేదు.

దసరాకు ఎర్ర రుమాలు ఏలియా తలకెక్కింది. మార్కెట్ బిల్ల మాత్రం రానేలేదు. వెంకట్రాజం మాట ఇచ్చినంత సులువుగా మరిచిపోయాడు, ఆ తర్వాత మున్సిపాలిటీకి నిలబడి గెలిచాడు కూడా.

ఎనభై తొమ్మిదిలో సమ్మమ్మ పట్టుబట్టి ఇంట్లోకి టీవీ తెచ్చింది. అది మోగినప్పుడల్లా కట్టయ్య కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు. టీవీ అన్నా ఈ ముసలాయనకు ఎంత చులకనో అని గల్లీవాళ్లు నవ్వుకునేవారు. వెంకట్రాజం క్యాసెట్ ఢిల్లీ టీవీలో ఎన్నడూ రాలేదు. ఎన్నడూ రాదని సమ్మమ్మ వందసార్లు చెప్పింది. అయినా, ఎప్పుడు వేస్తారో ఎవరికి తెలుసునని, కట్టయ్య తన కుర్చీని గోడవైపే ఉంచాడు.