ఓర్వకల్లు గుట్టల మీద మూడో తీగ

నేను యూనియన్ కార్డు వెనక్కి ఇచ్చి ఇంటికి రావడానికి ముందు సంవత్సరం, ఎండాకాలంలో, ఒక సినిమాకు రోప్ ఇన్‌ఛార్జ్‌గా ఓర్వకల్లులో పని పడింది. మాది కర్నూలే కాబట్టి ఫైట్ మాస్టర్ నన్ను అడిగి మరీ పిలిపించుకున్నారు. అది మంత్రతంత్రాలు, కత్తియుద్ధాలు ఉన్న జానపద కథ. అందులో కథానాయిక ఒక రాతిగుట్ట మీద నుంచి ఎగిరి, గాల్లోనే ముగ్గురు శత్రువులను కొట్టి, ఎదుటి గుట్ట మీద దిగుతుంది. ఆ ఎగరడం మా శాఖ పని.

తెర మీద తీగలు కనిపించవు కాబట్టి ఈ పని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఫైట్ మాస్టర్ పోరాటాన్ని కూర్చుతారు. ఆయన కింద సహాయకులుంటారు. వాళ్ల తర్వాత రోప్ ఇన్‌ఛార్జ్, అతని కింద తాడు లాగేవాళ్లు. నటి బదులు ఎగిరే మనిషిని డూప్ అంటాం. డూప్ దుస్తుల లోపల తొడలకు, నడుముకు బిగించే పట్టీల కవచం ఉంటుంది. దాని రెండు పక్కలా సన్నని ఉక్కు తీగలు తగిలించి, పైన క్రేన్‌కు కట్టిన కప్పీల మీదుగా కిందికి తెస్తాం. లాగేవాళ్లు లాగితే మనిషి లేస్తుంది. తీగలను తర్వాత కంప్యూటర్‌లో తుడిచేస్తారు.

వీపు మీద మూడో తీగ ఒకటి ఉంటుంది. అది మనిషిని ఎత్తదు. గాలి కొట్టినా, పక్క తీగ ఒకటి జారినా మనిషి బొంగరంలా తిరగకుండా పట్టుకుంటుంది. చాలా యూనిట్లు నీడలో, స్టూడియో లోపల, రెండు తీగలతోనే పని కానిస్తాయి. నేను ఆరుబయట మూడోది లేకుండా ఎప్పుడూ చేయించలేదు. చెన్నైలో పని నేర్చుకునే రోజుల్లో, రెండు తీగల మీద ఉన్న ఒక డూప్ తిరిగిపోయి గోడకు తగలడం చూశాను. అతను బతికాడు. మళ్లీ ఎగరలేదు.

రోప్ ఇన్‌ఛార్జ్‌కు ఉన్న అధికారం ఒక్కటే. అతను బొటనవేలు పైకెత్తకపోతే తాడు కదలకూడదు. దర్శకుడు చెప్పినా కదలకూడదు. అయితే ఆ ఇన్‌ఛార్జ్‌ను మార్చే అధికారం ఫైట్ మాస్టర్‌కు ఉంది.

మా డూప్ పేరు నాగమణి. కడప అమ్మాయి, ఒకప్పుడు కబడ్డీ ఆడేది. అంతకుముందు సినిమాల్లో గుంపులో పడిపోయే వేషాలే వేసింది. ఒక పోరాటం మొత్తం తన మీద నడవడం అదే మొదలు. గుట్టల మీద ఎండకు రాయి కాలిపోతున్నా, ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు. పని సాఫీగా ముగిసింది. అందరం సర్దుకుని ఇళ్లకు వెళ్లాం.

ఆషాఢంలో మాస్టర్ ఫోన్ చేసి, కర్నూలులో ఒక థియేటర్లో ఉదయం పూట మామూలు జనానికి సినిమా వేసి అభిప్రాయాలు తీసుకుంటున్నారు, రమ్మన్నారు. ఫైటు బాగుందో లేదో సీడెడ్ చెప్పాలి అన్నది మా వ్యాపారంలో పాతకాలపు నమ్మకం. సీడెడ్ అంటే సినిమావాళ్ల లెక్కలో రాయలసీమ. కాలేజీ పిల్లలు, షేర్ ఆటోలు నడిపేవాళ్లు, కల్లూరు చర్చి నుంచి ఆడవాళ్లు, కొన్ని కుటుంబాలు వచ్చాయి. నాగమణి కడప నుంచి వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. నేను వెనక వరుసలో వాళ్ల పక్కన కూర్చున్నాను.

సినిమా సగం దాకా జనం బాగానే చూశారు. గుట్టల సన్నివేశం వచ్చింది. కథానాయిక పరుగెత్తింది, లేచింది. ముందు వరుసల్లోంచి ఎవరో గట్టిగా, "ఏమప్పా, గాలిపటం ఎగరేస్తాండారా?" అన్నాడు. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపల ఆమె అవతల గుట్ట మీద దిగనే దిగింది. మళ్లీ నవ్వారు. పక్కకు చూడడానికి ధైర్యం చాలలేదు. నాగమణి వాళ్లమ్మ మాత్రం, "ఎందుకే నవ్వుతాండారు?" అని మెల్లగా అడగడం వినిపించింది.

ఆట అయ్యాక దర్శకుడు మైకు పట్టుకుని హాల్లోకి దిగారు. ఓపిక గల మనిషి, ఎవరేమన్నా తలాడిస్తూ విన్నారు. ఒక ఆటో డ్రైవర్ లేచి, "పాటలు బాగుండాయి సార్. కత్తులు తిప్పేది గూడా బాగుండాది. ఎగిరేది మాత్రం దారం కట్టి లాగినట్టుండాది," అన్నాడు. ఒక కాలేజీ అమ్మాయి, తనకు అన్నిటికంటే అదే నచ్చిందనీ, కలలో ఎగిరినట్టుందనీ చెప్పింది. వెనక కుర్రాళ్లు ఆమెను కూర్చోమని కేకలు వేశారు. చర్చి ఆడవాళ్లలో సుగుణమ్మ అనే ఆవిడ మైకు తీసుకుంది. గవర్నమెంటు హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయిందట.

"ఆ పాప పడతాదేమో అని నాకు ఒక్క తూరి గూడా భయమెయ్యల్యా సార్," అంది. "పడతాదన్న భయమే లేకుంటే, ఎగిరిందని యాడ అనిపిస్తాది?"

జనం చప్పట్లు కొట్టారు. దర్శకుడు ఆ మాటను పట్టుకున్నారు. నేను అప్పుడే భయపడ్డాను.

మధ్యాహ్నం హోటల్ గదిలో మాస్టర్‌నూ నన్నూ కూర్చోబెట్టి ఆయన నిర్ణయం చెప్పారు. విడుదల దగ్గర పడింది. క్రేన్ దొరుకుతుంది. ఆ ఒక్క దూకడం మళ్లీ తీయాలి. మూడో తీగ వీపును వెనక్కి పట్టి ఉంచడం వల్లనే మనిషి దండెం మీద చొక్కాలా నిటారుగా ఉండిపోతోందని ఆయన అభిప్రాయం. అది తీసేస్తే శరీరం ఊగుతుంది, వాలుతుంది, చూసేవాడికి భయం పుడుతుంది. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మూడో తీగ నిజంగానే కొంత పట్టి ఉంచుతుంది.

మేము మొదట తీసినప్పుడు గాలి లేదు. ఇప్పుడు ఆషాఢం. ఓర్వకల్లు గుట్టల మీద ఆ గాలికి మనిషి నిలబడి మాట్లాడితే పక్కవాడికి వినపడదు. నేను కుదరదన్నాను. మాస్టర్ నా వైపు తిరిగి, రెండు తీగలు ఒక ఆడపిల్లను మోయవా అని అడిగారు. మోస్తాయి, తిరగకుండా ఆపవు అన్నాను. దర్శకుడి ఎదుట ఆయన ఇంకేమీ అనలేదు. బయటికి వచ్చాక, రేపు బొటనవేలు నువ్వు ఎత్తకపోతే మస్తాన్ ఎత్తుతాడు అని చెప్పి వెళ్లిపోయారు. మస్తాన్ నా అసిస్టెంటు. పని నేను నేర్పినవాడే. ఆ సాయంత్రం అతను నాకు ఎదురుపడకుండా తిరిగాడు.

అన్నిటికంటే కష్టమైంది నాగమణితో మాట్లాడడం. విషయం చెప్పగానే, నాతో కలిసి వద్దంటుందని అనుకున్నాను.

"తీసెయ్యన్నా ఆ తీగ," అంది.

"నీకు తెలిసే అడుగుతాండావా?"

"నవ్వింది హీరోయిన్‌ని చూసి కాదన్నా. ఆ ఒళ్లు నాది. మాయమ్మ పక్కన కూచోని ఉండాది. ఇదొక్కటి సరిగ్గా రాకుంటే మళ్లా నన్ను ఎవరు పిలుస్తారు? గుంపులో పడిపొయ్యేదానికే పిలుస్తారు."

ఆమె కళ్లలో నీళ్లు లేవు, కోపమే ఉంది. నేను ఏం చెప్పినా పిరికివాడి మాటలాగే ఉంటుందని నాకు తెలుసు. కాబట్టి వాదించలేదు. మనిషి ఎక్కే ముందు ఇసుక మూటతో పరీక్ష చేయడం మా నియమం. దాన్ని ఎవరూ కాదనలేరు. రేపు రెండు తీగలతోనే మూట ఎక్కిద్దాం, అది సరిగా దిగితే మస్తాన్ సైగ చేయవచ్చు, నేను పక్కన నిలబడతాను అన్నాను. ఆమె ఒప్పుకుంది. అలా అన్న దగ్గర నుంచి నాకు దిగులు పట్టుకుంది. గాలి ఆ ఒక్క పూట ఆగిపోతే? మూట చక్కగా దిగిపోతే? నా మాట మీద నేనే ఆ పిల్లను ఎక్కించినవాణ్ణవుతాను.

మర్నాడు గుట్ట మీద గాలి ఉంది కానీ నేను అనుకున్నంత లేదు. నాగమణి బరువుకు కొంచెం ఎక్కువగా ఇసుక నింపి, ఆమె కవచాన్నే మూటకు బిగించాం. మస్తాన్ సైగ చేశాడు. మూట లేచింది. సగం దూరం దాకా ఏ తేడా లేకుండా పోయింది. దర్శకుడు నా వైపు తిరిగి, చూశారా అన్నట్టు తలాడించారు. అప్పుడు లోయలోంచి ఒక గాలి విసురు వచ్చింది. మూట పక్కకు వాలి, తిరగడం మొదలుపెట్టింది. తీగలు రెండూ ఒకదానికొకటి మెలిపడ్డాయి. లాగేవాళ్లు ఆపేలోపల మూట వెళ్లి రాతి అంచుకు కొట్టుకుని పగిలింది. ఇసుక గాలికి కొట్టుకొచ్చి మా ముఖాల మీద పడింది. ఉత్త కవచం మాత్రం తీగలకు వేలాడుతూ తిరుగుతూనే ఉంది.

నాగమణి అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయింది. మస్తాన్ తన చేతిలోని వాకీటాకీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. దర్శకుడు ముఖం కడుక్కుని వచ్చి, మూడో తీగ మాట ఇక ఎత్తనన్నారు. అయితే జనం నవ్వే దృశ్యాన్ని సినిమాలో ఉంచలేను, మొత్తం తీసేస్తాను అన్నారు. అది ఆయన హక్కు. నాగమణి తలెత్తి నన్ను చూసిన చూపుకు నేను గెలిచానని అనుకోలేకపోయాను.

ఒక్క రోజు గడువు అడిగాను. ఆ సాయంత్రం నాగమణిని తీసుకుని కల్లూరులో సుగుణమ్మ ఇంటికి వెళ్లాను. దర్శకుడికి వినిపించింది ఆవిడ మాటలో సగమేమో అన్న అనుమానం నన్ను తొలుస్తూ ఉంది. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఎగిరింది ఈ అమ్మాయే అని చెబితే, ముందు నమ్మలేదు.

"నేను అట్లా మాట్లాడినానని నీకు కోపమొచ్చిందేమో తల్లీ," అంది.

"కోపం కాదు పెద్దమ్మా. నీకు యాడ బాగలేదనిపించిందో చెప్పు," అంది నాగమణి.

సుగుణమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "పరిగెత్తేటప్పుడు బాగనే ఉండావు. మా హాస్టల్ పిల్లోళ్లు గోడ దూకే ముందర అట్లనే పరిగెత్తేవోళ్లు. దూకేటప్పటికి బొమ్మవైపోయినావు. కాలితో నేలను తన్నింది నాకు కనపడల్యా. దిగినప్పుడు గూడా, మనిషన్నాక మోకాలు వంగల్ల గదా, తూలల్ల గదా? పూలబుట్ట దించినట్టు దించినారు."

నాగమణి గ్లాసు కింద పెట్టింది. నా వైపు తిరిగి, "అన్నా, మీరు నన్ను దూకనియ్యల్యా," అంది. "నేను దూకేలోపలే లాగేస్తాండారు. దిగేటప్పుడు గూడా చివరి దాకా పట్టుకోనే ఉంటారు."

నిజమే. ఆమెకు దెబ్బ తగలకూడదని లాగేవాళ్లకు నేనే ముందుగా సైగ ఇస్తున్నాను, చివరి దాకా తాడు వదలనివ్వడం లేదు. మా జాగ్రత్త ఉండాల్సిన చోటే కాదు, అక్కర లేని చోట కూడా ఉంది. గాల్లో మూడు తీగలూ ఉండాలి. నేల మీద ఆమెను ఆమె కాళ్లకు వదిలేయాలి.

మూడు తీగలతోనే మళ్లీ తీశాం. ఆమె పరుగెత్తి, తన బలంతోనే రాతిని తన్ని లేచాక తాడు లాగాలి. అవతల గుట్ట నేలకు మనిషి ఎత్తు కూడా లేని దూరంలో ఉండగానే తాడు సడలించాలి. వినడానికి సులువు. ఆమె కాలు రాతిని విడవడానికీ తాడు బిగియడానికీ మధ్య కన్నుమూసి తెరిచేంత సేపు ఆమె ఏ తీగ మీదా ఉండదు, కింద లోయ ఉంటుంది. నా నౌకరీలో అంత పొడుగాటి క్షణం ఇంకోటి లేదు. మస్తాన్ అరుపు, తీగలు టంగుమని బిగుసుకున్న శబ్దం, రెండూ ఒకేసారి వినిపించాకే ఊపిరి తీసుకున్నాను. ఆమె అవతల మోకాళ్ల మీద పడి, ఒక చెయ్యి నేలకు ఆనించి, తూలి లేచింది. దర్శకుడు ఇంకోసారి అడిగారు. నేను ఒప్పుకోవాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆమే వెనక్కి నడిచి వచ్చేసింది. రెండోసారి దిగేటప్పుడు ఎడమ మోకాలికి దెబ్బ తగిలి వాచింది. కొన్ని వారాలు పని మానుకోవలసి వచ్చింది.

సినిమా విడుదలైన రోజు కడపలో నాగమణి, వాళ్లమ్మలతో కలిసి చూశాను. గుట్టల సన్నివేశం దగ్గర నవ్వు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆమె కాలు రాతిని విడిచినప్పుడు హాల్లో ఎవరో "అమ్మో" అన్నారు. దిగిన తర్వాతే ఈలలు మొదలయ్యాయి. మా ముందు కూర్చున్న ఒకతను పక్కవాడితో, "ఏం ల్యాదప్పా, అంతా గ్రాఫిక్సే. ఈ కాలంలో మనుషులు యాడ దూకుతారు?" అన్నాడు. నాగమణి వాళ్లమ్మ అతని భుజం తట్టబోయింది. నాగమణి ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసి, తెర వైపే చూస్తూ కూర్చుంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇదే. చూసినవాడు తనకేమనిపించిందో చెబుతాడు, అది ఎప్పుడూ నిజమే. దాన్ని ఎలా సరిచేయాలో చెప్పడం అతని పని కాదు, అది మన పని. భయం కలగలేదని అతను అన్నప్పుడు, ముందుగా తాడు మీద చెయ్యి వేయకూడదు. ఎక్కడ కలగలేదో వెళ్లి అడగాలి.