గ్రేవీ రాయబారం

క్లిఫర్డ్ హిబర్ట్, అతని భార్య ఎనిడ్ మాట్లాడుకోవడం మానేసి అది మూడో రోజు. అయినా వాళ్ల మోటర్‌హోమ్‌లో, అంటే ఆ చక్రాల మీది ఇంట్లో, మాటలకేమీ కరువు రాలేదు. అన్నీ కుక్క ద్వారా నడుస్తున్నాయి.

"గ్రేవీ, టీ చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పు," అంటుంది ఎనిడ్.

"గ్రేవీ, పంచదార వేసిందో లేదో మీ అమ్మనడుగు," అంటాడు క్లిఫర్డ్.

గ్రేవీ మధ్యలో కూర్చుని, బిస్కెట్ ఎటు నుంచి వస్తుందా అని తల అటూ ఇటూ తిప్పుతుంది. ఇంగ్లీషువాళ్లలో ఇదేమీ వింత కాదు. పక్కింటాయన్ని పేరు పెట్టి పిలవడానికి పదేళ్లు తీసుకునేవాళ్లు కూడా ఆయన కుక్కని మొదటి రోజే ఒళ్లో కూర్చోబెట్టుకుని కుశలం అడుగుతారు. మనిషితో అయితే నోరు పెగలదు, కుక్కతో అయితే గడగడా చెప్పేస్తారు. కృష్ణుడంతటివాడు ఒక్క రాయబారంతో సరిపెట్టాడు. గ్రేవీ పూటకి నాలుగు చేస్తోంది.

గొడవకి కారణం చొక్కా. స్టోక్ పట్నంలో క్లిఫర్డ్ ముప్పై నాలుగేళ్లు బడి బస్సు నడిపాడు. ఏడూ నలభై రెండు అంటే ఏడూ నలభై రెండే. అతని బస్సుని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్లు. ఎనిడ్ బడి వంటగదిలో ఇరవై ఎనిమిదేళ్లు ఊరి పిల్లలందరికీ బంగాళాదుంపలు ఉడకబెట్టింది. ఇద్దరూ రిటైరయ్యాక పాత మోటర్‌హోమ్ ఒకటి కొన్నారు. కిటికీలకి ఎనిడ్ తనే పసుపు పూల తెరలు కుట్టింది. "ఇక మనకి టైమూ లేదు, రూటూ లేదు. నచ్చినచోట ఆగుదాం," అని క్లిఫర్డ్ మాటిచ్చాడు.

రెండో వారం చెషైర్‌లో, కాలువ పక్కన ఒక గొర్రెల రైతు పొలంలో బండి ఆపారు. ఆదివారం క్లిఫర్డ్ బండికి నీళ్లు పడుతుంటే లోపల అతని ఫోన్ మోగింది. ఎనిడ్ తీసింది. బస్సుల ఆఫీసు నుంచి ఒకమ్మాయి. "క్లిఫర్డ్ గారు సెప్టెంబరు నుంచి మళ్లీ డ్యూటీకి వస్తానన్నారు కదండీ, కొత్త యూనిఫాం చొక్కా ఏ సైజు కుట్టించమంటారు?"

"కాలరు పదిహేడున్నర," అని చెప్పి ఎనిడ్ ఫోన్ పెట్టేసింది. తర్వాత బయటికొచ్చి, కుక్క ముందు వంగి, "గ్రేవీ, శనివారం ఇంటికెళ్లిపోతున్నాం. ఈ బండి అమ్మేస్తున్నాం. మీ నాన్నకి చెప్పు," అంది.

ఇవాళ బుధవారం. శనివారంలోగా ఎనిడ్‌కి ఒక మాట చెప్పాలని క్లిఫర్డ్‌కి తెలుసు. అది కుక్క ద్వారా పంపే మాట కాదు. ఆమె దగ్గరికి పోయి నోరు తెరిస్తే మాత్రం ఆవులింతే వస్తోంది.

పొద్దున్నే కాలువ గట్టు మీద కుక్కని తిప్పడం ఇద్దరికీ ఇష్టమే. ఆ హక్కు వదులుకోవడానికి ఇద్దరూ సిద్ధంగా లేరు. అందుకని ముందు ఆమె, వెనక పది అడుగుల దూరంలో ఇతను, మధ్యలో గ్రేవీ. రెండో వంతెన దాటాక క్లిఫర్డ్ అలవాటు ప్రకారం దాని తాడు విప్పాడు. సరిగ్గా అప్పుడే వంతెన కింద నుంచి పొడుగాటి పడవ ఒకటి గట్టుని రాసుకుంటూ వచ్చింది. దాని ముందు భాగంలో, స్టూలు మీద పెనం నిండా వేయించిన సాసేజీలు ఆరుతున్నాయి. గ్రేవీ ఆలోచించలేదు, ఎవరినీ అడగలేదు. ఒక్క గెంతు గెంతి పడవలో పడింది.

పడవ నడిపే ఆవిడ అరవై అడుగుల వెనక, తోకభాగంలో గడ్డి టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె కాళ్ల కిందే ఇంజిను దడదడమంటోంది. "అమ్మా, మా కుక్క!" అని అరుస్తూ క్లిఫర్డ్ చెయ్యి ఊపాడు. కాలువ మీద ఎవరు చెయ్యి ఊపినా తిరిగి ఊపడం మర్యాద. ఆవిడ ఊపింది. అతను రెండు చేతులూ ఊపాడు. ఆవిడ సంబరపడిపోయి టోపీ తీసి ఊపింది.

"ఎండ బాగా కాస్తోంది కదండీ!" అని గట్టిగా అరిచింది కూడా.

"అవునండీ, అదృష్టం!" అన్నాడు క్లిఫర్డ్. కుక్క పోతే పోయింది, వాతావరణం సంగతి అడిగితే జవాబివ్వకుండా ఎలా ఉంటాడు!

ఆ పడవ మనిషి నడిచినంత వేగంగా పోతుంది. పరుగెత్తి అందుకోవాల్సిన పని లేదు, ఆగమంటే వినిపించదు. దూకుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు. మైలు దూరంలో నీటిమట్టం మార్చే లాకులున్నాయి, తలుపు తెరిచేదాకా అక్కడ ఆగక తప్పదు. అప్పటిదాకా మొగుడూ పెళ్లాం పడవ పక్కన నడవాల్సిందే, మధ్యలో కుక్క లేకుండా.

కాసేపటికి ఎనిడ్‌కి ఉండబట్టలేదు. నీళ్లలో ఉన్న హంసతో, "తాడు విప్పొద్దని మొన్నే చెప్పానని ఆయనకి చెప్పు," అంది. హంస బుస్సుమంది.

ఇంకొంత దూరంలో ఒకాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. "ఏవండీ, మా ఆయనకి కాస్త చెప్పండి..." అని ఎనిడ్ మొదలుపెట్టేసరికి ఆయన తల కూడా ఎత్తకుండా, "నేను చేపల కోసం వచ్చానమ్మా. ఆయన మీ వెనకే ఉన్నాడు. మీరే చెప్పుకోండి," అన్నాడు.

ఇద్దరూ సిగ్గుపడి గబగబా ముందుకి నడిచారు. ఈసారి పక్కపక్కనే.

"భయమేసింది," అన్నాడు క్లిఫర్డ్, నీళ్లకేసి చూస్తూ.

"ఎవరితో అంటున్నావ్?"

"నీతోనే. ముప్పై నాలుగేళ్లు ఎవరో ఒకరు వానలో నా కోసం నిలబడేవాళ్లు. ఇప్పుడు నేను లేవకపోయినా ఎవరికీ ఆలస్యం కాదు, ఎనిడ్. ఆ మాట నీతో అంటే నీ సరదా పాడవుతుందని, గుట్టుగా వాళ్లకి వస్తానని చెప్పేశాను."

ఎనిడ్ నాలుగడుగులు వేశాక, "మనమిద్దరమే ఉంటే రోజూ ఆరుగురికి వండుతున్నాను. ఎందుకని ఒక్కసారైనా అడిగావా?" అంది.

"కుక్క లావెక్కుతోందేంటా అనుకున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది కానీ బయటికి రానివ్వలేదు.

లాకుల దగ్గర పడవ ఆగింది. టోపీ ఆవిడ ముందుకొచ్చి, ఖాళీ పెనాన్నీ, పక్కన పొట్ట పైకి పెట్టి పడుకున్న గ్రేవీనీ చూసి, "అయ్యో, సారీ అండీ! మీ కుక్కని ఎత్తుకొచ్చేశాను!" అంది. తిండి పోయింది ఆవిడకి, క్షమాపణా ఆవిడదే. సాసేజీలకి బదులుగా లాకు తలుపు మేం తెరుస్తామని ఎనిడ్ ముందుకెళ్లింది. తలుపు దూలానికి ఇద్దరూ వీపులానించి తోయడం మొదలుపెట్టారు.

"ఇప్పుడే ఫోన్ చేసి రానని చెప్పేస్తా," అన్నాడు క్లిఫర్డ్.

"అక్కర్లేదు, వెళ్లు. బడికి సెలవున్న ప్రతిరోజూ నాది. ఆ రోజుల్లో ఈ బండి ఇంటి ముందు కనపడకూడదు."

"కోపం లేదా నీకు?"

"బస్సు మీద నాకెందుకు కోపం? నన్నడిగి ఉంటే ఆ రోజే వెళ్లమనేదాన్ని."

"మరి మూడు రోజులు..."

"ఇప్పటికైనా అడుగుతావేమోనని చూస్తూ కూర్చున్నాను."

క్లిఫర్డ్ తోయడం ఆపేశాడు. దారిలో కరెంటు స్తంభం తగిలినా సారీ చెప్పే మనిషి అతను. బస్సెక్కిన ప్రతివాడికీ చెప్పాడు, దిగిన ప్రతివాడికీ చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఇంట్లో మాత్రం ఆ మాట అవసరపడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

"తప్పయిపోయింది, ఎనిడ్," అన్నాడు. ఈసారి నీళ్లకేసి చూడలేదు.

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. మణికట్టుతో ముక్కు తుడుచుకుని, "సరేలే. తొయ్యి, ఆవిడ ఎదురుచూస్తోంది," అంది.