ప్లేట్ల గది ముందు బెంచీ

ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చు ప్లేట్లు తయారుచేసే పెద్దక్కకు ఒకటే పిచ్చి. ప్లేట్ల గదిలోకి ఎవరు వచ్చినా ముందు గుమ్మం పక్కనున్న బెంచీ మీద పది నిమిషాలు కూర్చుని చల్లబడాలి. ఆ పిచ్చికి అందరికంటే ఎక్కువగా బలైనవాడు అచ్చు యంత్రం నడిపే మెషిన్‌మన్.

అంతకుముందు ఆ ప్రెస్సులో కూర్చోవడమే నేరం. కూర్చుంటే పని సాగదని యజమాని స్టూళ్లన్నీ గోడౌనులో పడేయించాడు. మోకాళ్లు అరిగిపోయిన పెద్దక్క కిక్కురుమనకుండా రెండేళ్లు నిలబడే పనిచేసింది. తర్వాత వేడితో అచ్చుపడే కొత్త ప్లేట్లు వచ్చాయి. మనుషులు మెషిన్ల దగ్గర్నుంచి సెగలు కక్కుతూ నేరుగా వీటి మీదికి వస్తే ఎలా సార్ అని ఆమె సగంలో ఆపేసింది. ప్లేటు ఖరీదు తెలిసిన యజమాని మిగతా సగం తానే ఊహించుకుని, సాయంత్రానికల్లా బెంచీ వేయించాడు.

మెషిన్‌మన్ నిప్పులు తొక్కినట్టు నడిచే మనిషి. రాగానే పెద్దక్క అతని నుదుటి మీద చెయ్యి వెనక్కి తిప్పి పెట్టి చూసేది.

"ఇంకా కాగుతున్నావు. కూర్చో."

"అవతల మెషిన్ ఆగిపోయి ఉందక్కా."

"ఆగనీ. దానికేం కాళ్లు పీకవుగా."

పేజీల వరస సరిచూసుకోవడానికి వచ్చే బైండింగు అమ్మాయికి ఏడో నెల. ఇద్దరి వేడి కదా అని ఆమెకు ఇరవై నిమిషాలు. ఓసారి పెద్దక్క యజమానినే కూర్చోబెట్టింది. బెంచీ ఇరుగ్గా ఉందని ఆయన విసుక్కున్నాడు. మర్నాడు పొడుగు బెంచీ వచ్చింది.

ఒకరోజు ప్లేట్లు చేసే యంత్రం మొరాయించింది. బాగుచేయడానికి వచ్చిన టెక్నీషియన్, పక్కన నిలబడ్డ మెషిన్‌మన్‌కు పని చేస్తూనే పాఠం చెప్పాడు. అల్యూమినియం రేకు మీద పలచని పూత ఉంటుంది. లేజరు వేడి తగిలినచోట పూత మెత్తబడి, మందునీళ్లలో కడిగితే పోతుంది. మిగిలిన పూత సిరా పట్టుకుంటుంది, బయటపడ్డ రేకు నీళ్లు పట్టుకుంటుంది. అంతే అచ్చు.

"మరి మనిషి ఒంటి వేడి?" అన్నాడు మెషిన్‌మన్.

"జ్వరమొచ్చినవాడు కావలించుకున్నా దీనికి చీమకుట్టినట్టైనా ఉండదు. చెమట చేతులతో ముట్టుకుని మరకలు చెయ్యకండి, చాలు."

మెషిన్‌మన్‌కు ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లుగా బెంచీ మీద వెర్రివాడిలా కూర్చున్నాడు! పెద్దక్కను కడిగేద్దామని విసురుగా బయటికొచ్చాడు. బెంచీ మీద బైండింగు అమ్మాయి కాగితాల కట్ట మీద వాచిన పాదాలు చాపుకుని, కళ్లు మూసుకుని ఉంది. పెద్దక్క ఆమెకు అట్టముక్కతో విసురుతోంది. అతని కాళ్లు ఆగిపోయాయి.

అప్పుడే యజమాని వచ్చాడు. పుస్తకాలు ఇవ్వాల్సిన గడువు నెత్తిమీదుంది.

"టెక్నీషియన్ ఏమన్నాడు? అసలీ కూర్చోవడాలు అవసరమేనా?"

పెద్దక్క చేతిలో అట్టముక్క ఆగింది. ఆమె మెషిన్‌మన్ వైపు చూసింది.

"చెమట చేతులు తగిలితే ప్లేట్లు పాడవుతాయన్నాడు సార్," అన్నాడు మెషిన్‌మన్.

"పది నిమిషాల్లో ఆరుతుందా?"

"పదిహేను పడుతుంది."

యజమాని తలాడించి వెళ్లిపోయాడు. అట్టముక్క మళ్లీ ఊగింది.

అలసిన మనుషులు కాసేపు కూర్చోవాలంటే రేకుముక్క సాక్ష్యం చెప్పాల్సి రావడం మనందరికీ సిగ్గుచేటు. దుకాణంలోనో కార్ఖానాలోనో పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాళ్లు కనిపిస్తే, వీళ్లు కూర్చునే చోటేదని యజమానిని అడగండి. ఏ వంకా అక్కర్లేదు. కాళ్లు నొప్పెడతాయి కాబట్టి అని చెప్పండి.