పట్టిన చోటే వదలాలి

ఈ ఉదయం ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే తడి గోనెసంచుల వాసన ముక్కుకు తగిలింది. నిన్నటి వానకు షేక్‌పేటలో ఎవరి పెరట్లోకో ఉడుము దూరితే, మా వాళ్ళు పట్టి అటవీశాఖ వారికి అప్పగించి వచ్చి, సంచులు పిట్టగోడ మీద ఆరేశారు. ఆ వాసన చాలామందికి గిట్టదు. నాకు మాత్రం పెంటయ్య గారు పక్కకు వచ్చి నిలబడ్డట్టే ఉంటుంది. బెదిరిన పిల్లి కానీ, ఉడుము కానీ, ముందు దాని మీద తడి గోనె కప్పాలని, చీకటి చూపిస్తే ఏ జీవానికైనా భయం తగ్గుతుందని ఆయన చెప్పేవారు.

ఆయన్ని మీరు చూసి ఉండరు. నగరపాలక సంస్థలో కుక్కల్ని పట్టే బండి మీద ఏళ్ళ తరబడి పనిచేసి, రిటైరయ్యాక ఫిల్మ్‌నగర్ కొండ దిగువన రెండు గదులు కిరాయికి తీసుకుని ఈ జంతు సహాయకేంద్రం పెట్టారు. పొట్టి మనిషి. కోతి కరిచి ఎడమ చేతి రెండు వేళ్ళు వంగేవి కావు, అయినా ఏ కోతినీ తిట్టగా నేను వినలేదు. నేను భీమవరం నుంచి సినిమాల్లో డబ్బింగ్ చెబుదామని వచ్చి, ఏడాది పాటు స్టూడియోల చుట్టూ తిరిగి, చివరికి ఆయన దగ్గర ఫోన్లెత్తే ఉద్యోగంలో చేరాను. గొంతు నెమ్మదిగా ఉందని తీసుకున్నారు. కథానాయికలకు అరువివ్వాల్సిన గొంతుతో పాముల ఫోన్లు ఎత్తుతున్నానని మొదట్లో నా మీద నాకే జాలిగా ఉండేది.

చేరిన వారంలోనే జూబ్లీహిల్స్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వంటింట్లోకి కోతి దూరింది, పనివాళ్ళు కర్రలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు, అది అరుస్తోంది, వీళ్ళు అరుస్తున్నారు. నేను కంగారుగా బండి పంపిస్తానన్నాను. పెంటయ్య గారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఒకే ప్రశ్న వేశారు. "అమ్మా, దాని మొఖం ఎటున్నది?" బాల్కనీ వైపు ఉందట. బాల్కనీ తలుపు తీసి, లోపలి తలుపు వేసి, అందరినీ హాల్లో కూర్చోమన్నారు. కాసేపటికి కోతి ఓ అరటిపండు చేత పట్టుకుని తన దారిన పోయింది. పోవడానికి దారి లేకనే ఏ జీవమైనా మీద పడుతుందని, అందుకే ముందు అది ఎటు చూస్తోందో అడగాలని, బండి కదలకుండా పని జరిగితే అదే గొప్ప పని అని ఆ రోజు నాకు చెప్పారు.

కుక్కల సంగతిలో ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. ఆడకుక్కను బండెక్కించే ముందు పొట్ట కింద చెయ్యి పెట్టి చూడాలి. పాలు ఉంటే ముట్టుకోకూడదు, పిల్లలు ఎక్కడో ఉంటాయి. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్కను పట్టిన వీధిలోనే దింపాలి. ఎవరెంత చెప్పినా వేరే చోట వదలకూడదు. మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళి మళ్ళీ వాళ్ళింటి ముందే దింపుతాం కదా, ఇదీ అంతే అనేవారు. రెండూ నాకు కంఠతా వచ్చు. కంఠతా రావడం వేరు, పాటించడం వేరు.

రెండో ఏడు ఆయన నన్ను బండితో పాటు పంపడం మొదలుపెట్టారు. ఒక రోజు పొద్దున ఫిల్మ్‌నగర్‌లోని ఒక కాలనీ సెక్రటరీ గారు ఫోన్ చేశారు. గోధుమరంగు కుక్క ఒకటి నాలుగు రోజులుగా మనుషుల వెంట పడుతోందని, ఆయన మనవరాలిని తరిమిందని, పాప బయటికి రావడానికే భయపడుతోందని చెప్పారు. ఆయన మాటల్లో నిజమైన బాధ ఉంది. మా వాళ్ళు వల వేసి పట్టారు. "ఇక ఇది మా కళ్ళబడకూడదమ్మా" అన్నారాయన. అంత పెద్దాయన నన్ను బతిమాలుతుంటే ఉబ్బిపోయి, ఇక కనబడదని మాటిచ్చాను. పొట్ట కింద చెయ్యి పెట్టలేదు. కేంద్రానికి కూడా తేకుండా డ్రైవర్ యూసుఫ్ భాయ్‌తో బోరబండ కొండ మీద వదిలేసి రమ్మన్నాను. ఆయన ఓసారి నా మొహంలోకి చూసి బండి తీశారు.

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ మోగింది. అదే కాలనీ చివర సినిమా సెట్ల సామాను దాచే గోడౌన్ ఉంది. ప్లాస్టర్ స్తంభాల వెనక, విరిగిన ప్లైవుడ్ సింహాసనం కింద ఐదు కుక్కపిల్లలు ఏడుస్తున్నాయని, తల్లి జాడ లేదని అక్కడి కాపలాదారు చెప్పాడు. ఇంకా కళ్ళు తెరవని పిల్లలు. తల్లి పాలు లేకపోతే ఎన్ని గంటలు బతుకుతాయో నాకు తెలుసు. నాలుగు రోజులుగా అది ఎందుకు తరుముతోందో కూడా అప్పుడే తెలిసింది. అడగాల్సింది నేను, అడగలేదు.

పెంటయ్య గారికి ఏడుస్తూనే చెప్పాను. ఆయన తిట్టలేదు. వెదురుబుట్టలో పాతచీర పరిచి గోడౌన్‌కు బయలుదేరారు. "ఏడుపు బండిల ఏడుద్దువు గాని, నడువు" అన్నారు. పిల్లల్ని బుట్టలోకి ఎత్తి, సీసాతో పాలు పట్టిస్తూ బోరబండ చేరాం. యూసుఫ్ భాయ్ వదిలిన చోట కుక్క లేదు. రైల్వేస్టేషన్ దాకా గల్లీ గల్లీ తిరిగాం. నేను పిలుస్తూ పరిగెడుతుంటే ఆయన ఆపారు. నా పిలుపుకు అది రాదని, దాన్ని పిలవగలిగినవాళ్ళు బుట్టలోనే ఉన్నారని అన్నారు. పట్టాల పక్కన ఒక గోడ నీడలో బుట్ట దించి, పిల్లల నోటి దగ్గర నుంచి సీసా తీసేశారు. అవి ఆకలికి కీచుమన్నాయి. వాటిని అలా ఏడిపించడం చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. చాలాసేపటికి గోడ అవతలి నుంచి తల్లి కుంటుకుంటూ వచ్చింది. మా ఇద్దరినీ చూసి కూడా ఆగలేదు. నేరుగా బుట్టలోకి దూరి పడుకుంది. ఐదూ పాలకు ఎగబడ్డాయి. బుట్టతో సహా అలాగే బండిలోకి ఎత్తాం.

తిరిగి వచ్చేసరికి కాలనీ గేటు వేసి ఉంది. సెక్రటరీ గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "మళ్ళీ తెచ్చారేంటండీ? ఇక కనబడదని మీరే కదా అన్నారు?" అని అడిగారు. నేను పెంటయ్య గారి వైపు చూశాను. ఆయన బుట్ట మీది చీర సర్దుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

"మాటిచ్చింది నేను గాదు బిడ్డా. నువ్వే చెప్పాలె."

ఏ స్టూడియోలోనూ అంత కష్టమైన మాటలు నేను చదివి ఉండను. "అన్నాను సార్. అలా అనే హక్కు నాకు లేదు. పాలిచ్చే తల్లిని చూసుకోకుండా పట్టించాను, తప్పు నాది. అది పిల్లల కోసమే తరిమింది. పిల్లలు పాలు మరిచేదాకా గోడౌన్ వైపు ఎవరూ పోకుండా అడ్డు పెట్టిస్తాను. తర్వాత నేనే వచ్చి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి, మళ్ళీ ఇక్కడే దింపుతాను" అన్నాను. సెక్రటరీ గారు బుట్టలోకి వంగి చూశారు. తర్వాత గేటు తెరిచి, మనవరాలికి ఈ సంగతి చెప్పమని నన్ను ఇంటికి పిలిచారు. తల్లినీ పిల్లల్నీ గోడౌన్‌లో దింపి బయటికి వచ్చాక పెంటయ్య గారు నన్ను మెచ్చుకుంటారేమోనని ఆశపడ్డాను. ఆయన బండిలో ముందు సీటు నాకు వదిలి, తాను వెనక కూర్చున్నారు. అంతకు ముందెప్పుడూ ఆ సీటు ఎవరికీ ఇచ్చినవారు కాదు.

అన్నట్టే చేశాను. ఐదు పిల్లలూ బతికాయి. తల్లికి ఆపరేషన్ చేయించి అదే వీధిలో దింపాను. పెంటయ్య గారు పోయాక ఈ కేంద్రం నేనే నడుపుతున్నాను. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు నా ఘనకార్యాలు చెప్పను, ఈ తప్పే చెబుతాను. ఇప్పటికీ ఆడకుక్క ఏదైనా బండెక్కాలంటే ముందు నా చెయ్యి పడాల్సిందే. మా వాళ్ళు వెనక నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ.

ఒక్కటి మాత్రం నన్ను చాలాకాలం బాధపెట్టింది. ఆ కుక్క ఆ వీధిలోనే ఎన్నో ఏళ్ళు బతికింది. అందరి దగ్గరా తోక ఊపేది. నేను కనబడితే మాత్రం లేచి రోడ్డు అవతలికి వెళ్ళిపోయేది. చివరిదాకా నన్ను క్షమించలేదు. పెంటయ్య గారు ఉన్న రోజుల్లోనే, అది నన్నింకా క్షమించలేదని ఒకసారి ఆయనతో అంటే పకపకా నవ్వారు.

"దాని గల్లీల అది తిరుగుతున్నది గద. నిన్ను జూసి పక్కకు పోయేతందుకైనా అది గాడ ఉన్నది. గంతకంటె ఏం గావాలె నీకు?"

ఆ తర్వాత అది నన్ను చూసి రోడ్డు దాటిన ప్రతిసారీ, నిజం చెబుతున్నాను, నాకు గర్వంగానే ఉండేది.