పండబెట్టి పంపాల్సిన దేవుడు

తప్పు లారీ ఆఫీసుది. నింద మోసింది మా పెద్దనాయన. ఆ నింద మీదుండగానే పోయిన బుధవారం పొద్దున ఆళ్లగడ్డలో ఆయన కన్నుమూశాడు. నంద్యాల లారీ ఆఫీసు ఏజెంటు ఒక పూలదండ పంపించాడు. దండ తెచ్చిన మనిషి దాన్ని ఎవరి చేతికివ్వాలో తెలియక వాకిట్లోనే నిలబడ్డాడు. నేనే తీసుకున్నాను. పిట్టగోడ మీద పెట్టాను. ఆయన మీద వేయలేదు, ఎవరినీ వేయనివ్వలేదు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. రాతి విగ్రహాలు చెక్కే మా షెడ్డులో అందరికీ పెద్దనాయనే. చెక్కిన రాయికి నునుపు పట్టేది నా పని. ఆయన ఉలి పట్టినవాడు కాదు. తయారైన విగ్రహాన్ని కట్టి, బండికెక్కించి, పగలకుండా గుడికి చేర్చడం ఆయన పని. నేను పుట్టకముందు నుంచీ అదే పని.

ఆయన కట్టడం చూడాలి. కింద వరిగడ్డి పరుపు మందంగా వేసేవాడు. విగ్రహాన్ని దాని మీద వెల్లకిలా పండబెట్టేవాడు. మెడ కింద, మణికట్టు కింద, కిరీటం వెనక, ఎక్కడ సందుంటే అక్కడ పాత గోనెపీలికలు దూర్చేవాడు. పసిబిడ్డ తల కింద గుడ్డ సర్దినట్టు సర్దేవాడు. తరువాత చుట్టూ కొయ్యచట్రం, దాని మీద తాడు. ముడి వేశాక తాడును వేలితో మీటి, దానికి చెవి ఆనించి వినేవాడు. నచ్చకపోతే మొత్తం విప్పేవాడు. నంద్యాలలో రైలు తప్పిపోతుందని మేము మొత్తుకున్నా విప్పేవాడు.

ఎప్పుడూ ఒకటే మాట. "కండ్లు తెరవకముందు రాయి. రాయిని పండబెట్టే పంపాల. నిలబెట్టేది గుడిలో." ప్రతిష్ఠ రోజున మా శిల్పి ఆ ఊరికి పోయి గర్భగుడిలోనే విగ్రహానికి కళ్లు తెరుస్తాడు. అంతవరకు అది దేవుడు కాదు. ఇది మా పనిలో అందరికీ తెలుసు. బయటివాళ్లకు తెలియదు.

ఆయనకు చదువు రాదు. నాకూ బడి లేదు. విగ్రహం పంపినప్పుడల్లా వచ్చే రైలు రసీదులను ఆయన ఒక తీగకు గుచ్చి దాచేవాడు. అవి తీసి నా ముందర పెట్టి, యాడికి పోయిందో చదువు అనేవాడు. ఏ రసీదు ఏ ఊరిదో ఆయనకు గుర్తే, నేను సరిగ్గా చదివేదాకా కదలనిచ్చేవాడు కాదు. ఈ రాత ఆ రసీదుల మీద నేర్చిందే.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా రోడ్డు మీద లారీలు పెరిగాయి. అంతవరకు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల స్టేషనుకు మా విగ్రహాలు ఎద్దులబండ్లలోనే పోయేవి. పక్క షెడ్డువాళ్లు లారీకి మారారు. త్వరగా చేరుతుందని గిరాకీ అంతా వాళ్ల వైపు తిరిగింది. మా యజమానికి భయం పట్టుకుంది. ఏ లారీకి ఇద్దామో నువ్వే చూసి చెప్పమని పెద్దనాయనను పంపాడు. తోడు నేను పోయాను.

నంద్యాలలో రెండు లారీ ఆఫీసులు తిరిగాము. ఒకచోట వాళ్ల లారీ ఎంత కొత్తదో చెప్పారు. పెద్దనాయన వినలేదు. రెండో చోట చెంబు నిండా నీళ్లు అడిగాడు. అంచు దాకా పోయించుకుని, సరుకు వేసే చోట చతికిలబడి, చెంబును ముందర పెట్టుకున్నాడు. లారీ నడపమన్నాడు. ఏజెంటుకు నవ్వు ఆగలేదు.

"ఏంది పెద్దాయనా, లారీలో స్నానం చేస్తావా?"

"ఇవి ఒలికితే మిగిలినవి నీకే పోస్తా" అన్నాడు పెద్దనాయన.

శిరివెళ్ల దాకా పోయి వచ్చాము. ఆ డ్రైవరు ప్రతి గుంతకూ ముందే వేగం తగ్గించి, వెనక్కి తిరిగి చెంబు వైపు చూశాడు. నీళ్లు ఒలికాయి కాని, సగం కంటే ఎక్కువే మిగిలాయి. మొదటి ఆఫీసు లారీలోనూ ఇదే చేస్తే అడుగున గుక్కెడు మిగిలాయి. వచ్చి యజమానితో చెప్పాడు. లారీని చూసి కాదు, తోలేవాణ్ని చూసి ఇయ్యమన్నాడు. అట్లా ఆ ఆఫీసును, ఆ డ్రైవరును ఎంచింది ఆయనే. ఆ ఆఫీసే తరువాత నిందను ఆయన మెడకు చుట్టింది.

ఐదు విగ్రహాలు బాగానే పోయాయి. ఆరోది గుంతకల్లు వైపు ఒక ఊరికి పోవాల్సిన వెంకటేశ్వరస్వామి. ఆ రోజు ఆయన కట్టింది నా కళ్లారా చూశాను. రెండు సార్లు విప్పి కట్టాడు. నంద్యాలలో దించేసరికి కుడిచేయి మణికట్టు దగ్గర విరిగి ఉంది. విగ్రహం వెనక్కి వచ్చింది. దాంతో పాటు ఏజెంటు ఉత్తరం వచ్చింది. కట్టు వదులైందట. మీ మనిషికి వయసు మీరిందట, చూపు ఆనడం లేదట.

నేను తాళ్లు తీసి యజమానికి చూపించాను. ముడి జారిన తాడు కొస అట్లా ఉండదు. కత్తితో కోసినట్టు ఉంది. యజమాని చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఇంకో మూడు విగ్రహాలు అదే లారీలో పోవాల్సి ఉన్నాయి మరి. మరుసటి రోజు నుంచి కట్టే పని వేరేవాళ్లకు ఇచ్చాడు. పెద్దనాయన తన చేతిసంచి తీసుకుని ఇంటికి పోయాడు.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం డ్రైవరు పెద్దనాయన ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. శిరివెళ్లలో లారీ ఆపితే జనం మూగారట. దేవుణ్ని శవం మాదిరి పండబెట్టి తీసుకుపోతావా అని ఒక ముసలామె తిట్టిందట. ఇతనికీ మనసొప్పలేదు. తాళ్లు కోసి, పదిమంది చేత లేపించి, డ్రైవరు గదికి ఆనించి నిలబెట్టి, దండ వేసి, టెంకాయ కొట్టి బయలుదేరాడట. ముందర వాగు దిగుతుంటే విగ్రహం పక్కకు ఒరిగింది.

"కండ్లు తెరవలేదని నీకు చెప్పలేదా అప్పా?"

"చెప్పినావు. అంతమంది దండం పెడతాంటే మర్సిపోయినా."

పెద్దనాయన అతనికి మజ్జిగ ఇప్పించి పంపాడు. నేను అప్పటికే లేచి చెప్పులు వేసుకున్నాను, యజమానికి చెప్పి వస్తానని. చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వాని పని పోతాది. వాడు తాగి తోలింటే నేనే చెప్తాంటి. దండం పెట్టినోణ్ని యాడ పట్టిస్తావురా? నా మీదనే ఉండనీ."

ఉండనిచ్చాము. రెండు నెలలు. ఆయన పొద్దున లేచి షెడ్డు దాకా వచ్చేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. కొత్తవాళ్లు కట్టిన తాళ్లను రోడ్డు మీద నుంచే చూసి తిరిగిపోయేవాడు. తిండి తగ్గింది. నాతో కూడా మాటలు తగ్గాయి. చివరి వారం ఒక్కటే అడిగాడు, ఇప్పుడు కట్టేవాళ్లు మణికట్టు కింద ఏం పెడుతున్నారని. గడ్డే పెడుతున్నారని చెప్పాను. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

పాడె మోసినవాళ్లలో ఆ డ్రైవరు ఉన్నాడు. తిరిగి వస్తుంటే నన్ను పక్కకు పిలిచాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. చేయి విరిగిన రోజే అతను జరిగిందంతా ఏజెంటుకు చెప్పాడట. నోరు తెరిస్తే పని ఉండదని బెదిరించి, ఏజెంటు ఆ ఉత్తరం రాశాడట. ఈ సంగతి పెద్దనాయనతో చెప్పడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"జరిగిందంతా నువ్వు రాయి అన్నా. పని పోతే పోనీ. నాకు నిద్ర పట్టడం ల్యాదు."

అందుకే రాస్తున్నాను. పెద్దనాయన వద్దన్న పనే చేస్తున్నాను. ఆయన దాచింది దండం పెట్టినవాణ్ని. ఆయన వెనక దాక్కున్నది తెలిసి అబద్ధం రాసినవాడు. అది ఆయనకు తెలియకుండానే పోయాడు. దాన్ని నేను మింగలేకపోతున్నాను.

లారీ ఆఫీసు ఏజెంటుకు చెప్తున్నాను. మాకు మీ దుడ్లు వద్దు, మీ దండలు వద్దు. వచ్చే శనివారం పెద్దనాయన పదకొండో రోజు. ఆ రోజు మధ్యాహ్నం లోపల మీరు ఆళ్లగడ్డకు వచ్చి, మా షెడ్డు ముందర, మా యజమాని ఎదుట, ఆయన కట్టులో తప్పు లేదని మీ నోటితో చెప్పాలి. ఆ డ్రైవరును పనిలో నుంచి తీయనని కూడా అక్కడే చెప్పాలి. రాకపోతే, ఆళ్లగడ్డలో, నంద్యాలలో సరుకు పంపే ప్రతి అంగడికీ నేనే పోయి మీ ఉత్తరం చదివి వినిపిస్తాను. ఆ ఉత్తరమూ, కోసిన తాళ్లూ నా దగ్గరే ఉన్నాయి.

మీరు కూర్చోవడానికి షెడ్డు ముందర ఒక స్టూలు వేశాను. రోజంతా దాని మీద రాతిపొడి పడుతూనే ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడుస్తున్నాను. శనివారం మధ్యాహ్నం దాకా తుడుస్తాను.