సోమవారానికి వాయిదా

మా ఆయన లక్ష్మీనరసింహంగారు కోటబొమ్మాళి దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పారు. కోపంలో పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని ఆయనకో నియమం. ఎవరు తప్పు చేసినా, "రెండు దెబ్బలు! సోమవారానికి రిప్రీవ్" అనేవారు. ఉరిశిక్ష పడ్డవాడికి ఆ శిక్షను కొన్నాళ్లు ఆపితే ఇంగ్లీషులో ఆ మాట అంటారట. సోమవారాలు వచ్చేవి, దెబ్బలు మాత్రం వచ్చేవి కావు. పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు.

తవిటమ్మకి తెలీదు. తొమ్మిదో తరగతిలో చేరి వారం కాలేదు. హోంవర్కు చెయ్యలేదని శుక్రవారం నాడు దానికీ అదే మాట చెప్పారు. సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు. వాళ్లమ్మతో ఊడుపులకి పోయిందన్నారు. ఊడుపులయ్యాక కలుపు, కలుపయ్యాక కోతలు. ఇక బడి ముఖం చూడలేదు.

"మీకు భయపడే మానేసింది, వెళ్లి పిలుచుకు రండి" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "దసరా సెలవులు రానీ శ్యామలా, చూద్దాం" అన్నారు. అన్నీ వాయిదాలే ఈ మహానుభావుడికి! ఎన్ని దసరాలు పోయాయో. ఆ పిల్లకి పెళ్లయి నరసన్నపేట రోడ్డులో ఏదో ఊరికి వెళ్లిందని తెలిసిన రోజు మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయారు.

రిటైరయ్యాక ఆయనకి డిక్షనరీయే లోకం. మొన్నొక రోజు నన్ను కేకేసి పిలిచారు.

"ఇది విన్నావా? మొదట్లో ఈ రిప్రీవ్ అంటే ఖైదీని మళ్లీ జైలుకి పంపెయ్యడమట! తిరిగి పట్టుకోవడమనే ఫ్రెంచి మాటలోంచి వచ్చిందట. నేను దయ అనుకుని వాడానే ఇన్నాళ్లూ!"

నాకు జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "పుస్తకంతో చెప్పుకుని ఏం లాభం? ఆ పిల్లతో చెప్పండి" అన్నాను.

మర్నాడే బస్సెక్కాం. తీరా చూస్తే అరగంట ప్రయాణం. ఇన్నేళ్లలో ఆ అరగంట ఆయనకి దొరకలేదు. నేను మాత్రం? తిట్టడమే గానీ, నేనైనా వెళ్లలేదు.

తవిటమ్మ గుర్తుపట్టి చాప వేసింది. ఆయన నిలబడే అన్నారు: "నేను నిన్ను కొట్టేవాణ్ణి కాదమ్మా. ఎవర్నీ కొట్టలేదు. నన్ను క్షమించు."

"అది నాకేటి తెలుస్తాది మాస్టారూ? మూడు రోజులు ముద్ద దిగలేదు. ఆ సుక్కురారమే కొట్టీసుంటే ఏడిసీసి, మల్లీ బడికి వచ్చీదాన్ని."

ఆ మాట నవ్వుతూనే అంది. కోపంగా అన్నా బాగుండేది. తర్వాత లోపల్నించి కూతురు శ్రావణిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"దీనికి ఇంగిలీసు రాదు. మీరే సెప్పాల. తప్పు సేస్తే అప్పుడే రెండు వెయ్యండి మాస్టారూ. సోమారం దాకా ఉంచకండి, ఇదీ నాలాగే మానేస్తాది."