తెలుగుకు తెలుగు దుబాసీ

1957 ఎండాకాలంలో నన్ను పాతబస్తీలోని ఒక ఫౌజ్‌దారీ కోర్టుకు, అంటే క్రిమినల్ కేసులు చూసే కోర్టుకు, దుబాసీగా వేశారు. మా హోదా పేరు అప్పటికింకా ఉర్దూలోనే ఉండేది: ముతర్జిం. గుమాస్తాకంటే ఒక మెట్టు పైన, కోర్టు ఫైళ్లు చూసే పేష్కారుకంటే ఒక మెట్టు కింద. సాక్షి తెలుగులో చెప్పింది వకీళ్లకు ఉర్దూలోనూ, వకీళ్లు ఉర్దూలో అడిగింది సాక్షికి తెలుగులోనూ చెప్పడం నా పని. నేను దబీర్‌పురాలో పుట్టినవాణ్ని. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, గల్లీలో రెండూ కలిపి. కాబట్టి ఊరికే మాట్లాడే మనిషికి జీతం కూడా ఇచ్చారన్నమాట.

ఆ కోర్టు ఇప్పటికీ నా ముక్కుకు గుర్తుంది. పాత కాగితాల వాసన, వకీళ్ల షేర్వానీల మీది అత్తరు, వీధి మలుపులోని ఇరానీ హోటలు నుంచి వచ్చే చాయ్ వాసన. చప్రాసీ గుమ్మంలో నిలబడి పేరు పిలిచాడంటే చూరు కింది పావురాలన్నీ లేచిపోయేవి. మధ్యాహ్నం పూట వకీళ్లు, నౌకర్లు, ఒక్కోసారి కొట్లాడుకొని వచ్చిన రెండు పక్షాలవాళ్లూ వరండాలో ఒకే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగేవారు. ఆ తర్వాత చాలా కోర్టుల్లో పనిచేశాను. అలాంటి బెంచీ మళ్లీ కనబడలేదు.

రాష్ట్రం కొత్తగా కలిసిన రోజులవి. ఆంధ్ర వైపు నుంచి అధికారులు వస్తున్నారు. మా మేజిస్ట్రేటు గారు గుంటూరు వైపు మనిషి. నిక్కచ్చి మనిషి, చాయ్ ముట్టడు, మజ్జిగ తాగుతాడు. మా మాట వింటే ఆయనకు తమాషాగా ఉండేది. మీది తెలుగేనా, ఉర్దూకు తెలుగు చొక్కా తొడిగారా అని ఒకసారి నన్నే అడిగారు. నాకు ఒళ్లు మండింది. కాని పై అధికారి, పైగా అన్న మాట బాగుంది, నవ్వక తప్పలేదు.

ఆ ఏడాదే ఈ కేసు వచ్చింది. మా ఇంటికి నాలుగు గల్లీల అవతల ఒక పెళ్లి ఊరేగింపు మసీదు ముందుకు వచ్చేసరికి నమాజు వేళయింది. అక్కడ ఒక రివాజు ఉండేది. ఆ మలుపు దగ్గర బ్యాండువాళ్లు ఎవరూ చెప్పకుండానే ఆపి, దాటినాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఆ రోజు బ్యాండు వేరే బస్తీ నుంచి వచ్చింది, వాళ్లకు సంగతి తెలియదు. ఆపమని ఒకరు, ఆపేది లేదని ఒకరు. తోపులాటలో నర్సయ్య అనే ముసలాయన కింద పడ్డాడు. అప్పటికే దమ్ము రోగి, అంటే ఉబ్బసం మనిషి, నాలుగైదు రోజులకు పోయాడు. దమ్ముతోనే పోయాడని డాక్టరు అన్నాడు, గల్లీ ఒప్పుకోలేదు. గోడకు గోడ ఆనుకున్న దుకాణాలవాళ్లు మాటలు మానేశారు.

తోపులాటలో ముందున్న గౌస్ మీద పోలీసులు జమానతు కేసు పెట్టారు. ఏడాదిపాటు గొడవల్లోకి పోనని పెద్దమనుషుల పూచీతో రాసివ్వాలి, పూచీ దొరక్కపోతే జైలు. గౌస్‌ది చిన్న సైకిళ్ల దుకాణం, నర్సయ్యకు ఎదురిల్లు. అంతవరకే అయితే రాసిచ్చి ఇంటికి పోయేవాడు. కాని పోలీసులు ఇంకో మాట చేర్చారు. నర్సయ్య పోయిన మూడోనాడు గౌస్ ఆ ఇంటికి వెళ్లి, సాక్ష్యం చెప్పొద్దని ఆయన భార్య బాలమ్మను బెదిరించాడని. అది నిజమని తేలితే ఆ మనిషికి ఎవడు పూచీ పడతాడు? గౌస్ జైలుకు పోతాడు, గల్లీలో మంట ఆరదు.

బాలమ్మను సాక్షిగా పిలిచారు. నేను అలవాటుగా లేచి నిలబడ్డాను. మేజిస్ట్రేటు గారు చెయ్యెత్తి ఆపారు.

"మీరు కూర్చోండి. తెలుగుకి తెలుగు దుబాసీ ఏమిటండీ?"

కోర్టంతా నవ్వింది. కూర్చున్నాను. సర్కారు వకీలుకు తెలుగు వచ్చు, ఆయనే అడిగాడు, నీ భర్త పోయాక గౌస్ మీ ఇంటికి వచ్చాడా అని.

"వచ్చిండు సారూ. తల్లిని గూడ తోల్కొని వచ్చిండు."

"వచ్చి ఏం చేశాడు?"

"ఏం జేస్తడు? మందలిచ్చిండు."

మేజిస్ట్రేటు గారు తలెత్తారు. "మందలించాడా?"

"మంచిగ మందలిచ్చిండు సారూ. తల్లి గూడ మందలిచ్చింది. మస్తుసేపు కూసున్నరు."

బోనులో ఉన్న గౌస్ అవునన్నట్టు తల ఊపాడు. మేజిస్ట్రేటు గారి ముఖం కందగడ్డ అయింది. భర్త పోయి మూడు రోజులు కాని మనిషిని తల్లీకొడుకులు కలిసి తిట్టడమా, పైగా బోనులో నిలబడి తల ఊపడమా! ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే గుమాస్తా రాసుకున్నాడు. ముద్దాయి, అతని తల్లి మా ఇంటికి వచ్చి నన్ను చాలాసేపు చీవాట్లు పెట్టారు అని దాని అర్థం.

ఆయన వైపు మందలించడమంటే కోప్పడటం. మా దిక్కు మందలించడమంటే పలకరించడం, చావింటికి పోయి ఓదార్చి రావడం. రాని భాష అయితే ఎవరో ఒకరు ఆగి అడిగేవారు. వచ్చిన భాషే కదా అని ఎవరూ ఆగలేదు. గౌస్ వకీలుకు తెలుగు ముక్క రాదు. పాపం, ఆయన నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

దుబాసీ అడగనిదే నోరు విప్పకూడదు. మధ్యలో లేచి "అది కాదు సార్" అంటే సాక్షికి వత్తాసు పలికినట్టు, నా ఉద్యోగానికే ఎసరు. అయితే ఇంకో నియమం ఉంది. ఇంగ్లీషులో రాసిన వాంగ్మూలాన్ని, వేలిముద్ర వేయించేముందు, సాక్షికి తన భాషలో చదివి వినిపించాలి. అది దుబాసీ పని, అది ఎవరూ వద్దనలేరు. చాలామంది గడగడా చదివి పారేసేవాళ్లు.

కాగితం నా చేతికొచ్చింది. ఇక్కడా ఒక గొయ్యి ఉంది. ఆ ఇంగ్లీషు మాటను నేను "మందలించారు" అని చదివితే బాలమ్మ సరేనని వేలిముద్ర వేసి పోతుంది. అందుకని పుస్తకాల తెలుగు పక్కనపెట్టి, మా అమ్మ మాట్లాడే తెలుగులో నిదానంగా చదివాను.

"గౌసు, గౌసు తల్లి మా ఇంటికొచ్చి నన్ను మస్తుసేపు తిట్టిన్రు."

బాలమ్మ ఒక్కసారి నా మీదికి లేచింది. "ఎవలు తిట్టిన్రు? నీ నోట్ల మన్నువడ! గట్ల నేనెప్పుడన్న? ఆ పిలగాడు నా కాళ్లకాడ కూసోని ఏడ్చిండు. ఆయమ్మ చాయ్ జేసి తెచ్చి నా నోట్లె వోసింది. మందలిచ్చిన్రంటె తిట్టిన్రని రాస్తరా? ఏం కోర్టు ఇది?"

గుంటూరు అర్థంలో ఆ రోజు మందలింపు తిన్నవాణ్ని నేనొక్కణ్నే.

మేజిస్ట్రేటు గారు నన్ను కళ్లతోనే కాల్చేశారు. సాక్షి చేత మాట మార్పిస్తున్నారా అన్నారు. రాసిందే చదివాను, అనుమానముంటే ఆమెనే అడగండి అని మనవి చేసుకున్నాను. ఆయన బాలమ్మ వైపు తిరిగారు.

"చూడమ్మా, మీ వాళ్లలో ఎవరైనా పోతే చుట్టాలొచ్చి ఏం చేస్తారు?"

"మందలిస్తరు సారూ. ఏం, మీ దిక్కు మందలియ్యరా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన కాగితం తన ముందుకు లాక్కున్నారు. "మా దిక్కు పరామర్శ అంటామమ్మా," అన్నారు. దిక్కు అన్న మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మళ్లీ రాయించారు.

బెదిరింపు మాట పోయింది. గౌస్ మామూలు జమానతు రాసిచ్చాడు, పూచీకి బాలమ్మ మరిదే వచ్చి నిలబడ్డాడు. గల్లీ ఒక్కరోజులో కలిసిపోయిందని చెప్పను. కొందరు చాలాకాలం ముఖం తిప్పుకొనే తిరిగారు. కాని ఆ తర్వాతి పెళ్లిళ్ల నుంచి బయటి బ్యాండు వస్తే, మలుపు దగ్గర ఆపాలని పెళ్లివారే ముందుగా చెప్పడం మొదలైంది.

వానాకాలంలో మేజిస్ట్రేటు గారి తల్లి పోయారు. ఆయన గుండు చేయించుకొని తిరిగి వచ్చాక నేను వాళ్లింటికి వెళ్లాను. కూర్చుని ఉండగా, ఆయన తన ఊరి నుంచి తెచ్చుకున్న వంటవాడు కంగారుగా లోపలికి వచ్చాడు.

"అయ్యగారూ, ఎవరో ముసలామె, ఒక సాయిబు గేటు కాడ ఉన్నారండీ. మిమ్మల్ని మందలించాలంట! పొమ్మంటే పోవట్లేదండీ."

ఆయన నా వంక చూశారు. కళ్లు నిండాయి. నా కళ్లూ నిండాయి, దాచడం దేనికి. కండువా భుజాన వేసుకొని, చెప్పులు కూడా తొడుక్కోకుండా తానే గేటు దాకా వెళ్లారు. కిటికీలోంచి చూశాను, బాలమ్మ, గౌస్. "రాండమ్మా, మందలించండి," అనడం నాకు లోపలికి వినిపించింది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక పద్ధతి పాటించాను. సాక్షి అన్న మాట నాకు తెలియకపోతే ఒకసారి అడిగేవాణ్ని. తెలిసిందైతే రెండుసార్లు అడిగేవాణ్ని.